మన్ను తిన్న పాములు

“మన్ను తిన్న పాములా పడున్నాడు” అన్న మాట వినకుండా తెలుగునాట పెరిగినవారు అరుదు. పిలిస్తే వెంటనే పలకనివాణ్ణి, చెప్పిన పనికి కాళ్ళీడ్చేవాణ్ణి, కూర్చున్నచోటే కునుకు తీసేవాణ్ణి వర్ణించడానికి మనవాళ్ళు తరతరాలుగా వాడుతున్న జాతీయమిది. అయితే ఈ మాటను ఎవరు ఎవరిని అంటారో ఎప్పుడైనా గమనించారా? కామందు పాలేరును అంటాడు. బడిపంతులు వెనకబల్ల పిల్లవాణ్ణి అంటాడు. అత్తగారు నెల తప్పిన కోడలిని అంటుంది. మధ్యాహ్న భోజనానంతరం పట్టెమంచం మీద గురకపెట్టే కామందును మాత్రం ఎవ్వరూ అనరు, ఆయనది భుక్తాయాసం. పడుకున్నవాడి అంతస్తును బట్టి సోమరితనం పేరు మార్చుకుంటుందన్నమాట.

ఈ జాతీయంలో మన్ను ఉంది, పాకే ప్రాణి ఉంది, మాంద్యం ఉంది. ఈ మూడింటినీ కలిపే జీవి ఒకటి నిజంగానే ఉంది. అది పాము కాదు, పురుగు; పొడవు సుమారు ఒక సెంటీమీటరు, మందం కుట్టుదారమంత. మన పాఠ్యపుస్తకాలు దాన్ని కొంకిపురుగు అంటాయి. జాతీయం ఈ పురుగును చూసి పుట్టిందని నేననడం లేదు. ఆ పోలిక కాకతాళీయమే. కానీ మట్టిలో పెరిగి, మనిషి పేగులో కాపురం పెట్టి, అతణ్ణి మందకొడివాణ్ణి చేసి, ఆపైన లోకం చేత సోమరి అనిపించే ఈ పురుగు చరిత్రను చదువుతున్నంతసేపూ నాకు ఆ మాటే చెవిలో మోగింది. ఆ చరిత్రను ఇక్కడ క్రమంగా చెప్పే ప్రయత్నం చేస్తాను.

ముందుగా పురుగు సంగతి. మనిషి పేగులో నివసించే కొంకిపురుగులు ముఖ్యంగా రెండు జాతులు. ఒకటి యాంకిలోస్టోమా డ్యూయోడినేల్, రెండవది నెకేటర్ అమెరికానస్. మొదటిదానికి నోటిలో కోరలవంటి పళ్ళుంటాయి, రెండవదానికి కత్తిరించే పలకలుంటాయి. మన దక్షిణ భారతంలో రెండవదే ఎక్కువ. ఆడపురుగు రోజుకు వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. అవి మలంతో బయటికి వచ్చి, తేమగా, వెచ్చగా, నీడగా ఉన్న నేల మీద పడితే ఒకటి రెండు రోజుల్లో పిల్లపురుగులవుతాయి. మరో వారం పది రోజుల్లో రెండుసార్లు కుబుసం విడిచి, మనిషిని పట్టుకోవడానికి సిద్ధమవుతాయి. మండుటెండలో ఎండిన నేల వాటికి గిట్టదు. నీళ్ళు నిలిచిన మడి కూడా గిట్టదు. తోటల నీడ, గట్ల మీది తడి ఇసుక, ఊరిబయట చెట్లచాటు - అంటే సరిగ్గా మనిషి మరుగు కోసం వెతుక్కునే చోట్లే - వాటికి అనువైన నెలవులు.

అక్కడ ఒక వట్టికాలు ఆనిందంటే చాలు. కంటికి ఆనని ఆ పిల్లపురుగు కాలివేళ్ళ సందుల్లోని పలుచని చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతుంది. అక్కడ దురద, దద్దురు. తరువాత రక్తనాళాల వెంబడి గుండెకు, గుండె నుంచి ఊపిరితిత్తులకు చేరుతుంది. ఊపిరితిత్తుల్లోని గాలిగదులను చీల్చుకుని, శ్వాసనాళం వెంట గొంతుదాకా పాకుతుంది. మనిషి గుటక వేస్తే అన్నవాహికలో పడి, కడుపు దాటి, చిన్నపేగు చేరి గోడను కరిచి పట్టుకుంటుంది. పాదం నుంచి పేగుకు ఇంత చుట్టుతిరుగుడు ప్రయాణం చేసే ప్రాణి ఉంటుందని ఎవరు ఊహించగలరు? ఎవరూ ఊహించలేదు కూడా. ఆ కథకు తరువాత వస్తాను.

పేగు గోడను కరిచిన పురుగు రక్తం గడ్డకట్టకుండా చేసే స్రావాన్ని వదులుతూ, చోటు మార్చుకుంటూ తాగుతుంది. అది వదిలేసిన గాయం కాసేపు కారుతూనే ఉంటుంది. నెకేటర్ పురుగు ఒక్కొక్కటి రోజుకు సుమారు 0.03 మిల్లీలీటర్ల రక్తాన్ని నష్టపరుస్తుందని లెక్క. రెండవ జాతి అంతకు ఐదారు రెట్లు. 0.03 అంటే లెక్కలోకి రాదనిపిస్తుంది. కానీ 500 పురుగులున్న మనిషికి అది రోజుకు 15 మిల్లీలీటర్లు. రక్తదాన శిబిరంలో మన దగ్గర ఒకసారి తీసుకునే 350 మిల్లీలీటర్లను ఆ మనిషి ఇరవై నాలుగు రోజులకొకసారి, ఏడాది పొడుగునా, ఎవరికీ తెలియకుండా దానం చేస్తున్నాడన్నమాట. పోయిన ఇనుములో కొంత పేగు తిరిగి పీల్చుకున్నా, గంజి మెతుకులతో గడిపేవాడు మిగిలిన లోటును పూడ్చుకోలేడు. ముఖం పాలిపోతుంది, నాలుగడుగులు వేస్తే ఆయాసం, గుండెదడ, కాళ్ళకు నీరు. పిల్లలైతే ఎదుగుదల ఆగి, పాఠం తలకెక్కదు. గర్భిణులకు అది ప్రాణాల మీదికి తెస్తుంది.

ఇక్కడ ఒక విషయాన్ని ప్రత్యేకించి చెప్పాలి. కొంకిపురుగు మనిషి కడుపులో పిల్లల్ని వృద్ధి చేసుకోదు. గుడ్లు తప్పనిసరిగా బయటికి వచ్చి మట్టిలో పెరగాల్సిందే. అంటే కడుపులో ఉన్న ప్రతి పురుగూ విడివిడిగా, తన దారిన తాను, బయటి నుంచి వచ్చినదే. నెకేటర్ అయితే దాదాపుగా చర్మం గుండానే వస్తుంది. రెండవ జాతి నోటిగుండా కూడా రాగలదు. ఒకడి పేగులో 500 పురుగులున్నాయంటే, ఆ మనిషి మలినమైన నేల మీద వట్టికాళ్ళతో నిలబడి చేసిన పనికి అది లెక్కల పుస్తకం వంటిది. సోమరి అని మనం పిలిచినవాడి కడుపులో అతని శ్రమ పద్దు రాసి ఉంటుంది.

మట్టి తినడం సంగతి కూడా చూద్దాం. రక్తంలో ఇనుము తరిగినవారికి మట్టి, సున్నం, బలపాలు, పచ్చిబియ్యం తినాలనే విపరీతమైన కోరిక పుడుతుంది. చిన్నికృష్ణుడు మన్ను తిన్న కథ వినిపించి మురిసిపోయే మన ఇళ్ళలోనే, గోడ పెళ్ళలు గోకి తినే పిల్లల్ని చెంపదెబ్బలు కొట్టడమూ ఉంది. చరకసంహిత చికిత్సాస్థానం పాండురోగాన్ని ఐదు విధాలుగా విభజించి, ఐదవదాన్ని మృద్భక్షణం వల్ల, అంటే మట్టి తినడం వల్ల కలిగేదిగా చెప్పింది. మట్టికీ పాలిపోవడానికీ సంబంధం ఉందని ఆ ప్రాచీన వైద్యులు కనిపెట్టిన తీరు నిజంగా ఆశ్చర్యకరం. ఆధునిక వైద్యం ఆ సంబంధాన్ని చాలావరకు తిరగేసి చదువుతుంది: మట్టి తిన్నందువల్ల పాలిపోవడం కాదు, రక్తం పోయినందువల్ల మట్టి మీద కోరిక.

ఈ తిరగేసి చదవడం వైద్యంలో పొరపాటుగా మిగిలిపోతే పరవాలేదు. అధికారం ఉన్నవాడి చేతిలో పడినప్పుడు అది హింస అవుతుంది. వెస్టిండీస్ చెరకు తోటల్లో, బ్రెజిల్‌లో, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు మట్టి తింటుంటే యజమానులు దాన్ని మొండితనంగా, పని ఎగ్గొట్టే ఉపాయంగా, ఆత్మహత్యా ప్రయత్నంగా భావించారు. మట్టి తినకుండా వారి ముఖాలకు రేకు ముసుగులు తగిలించి తాళం వేశారు. ఆ ముసుగుల చిత్రాలు ఈనాటికీ ఉన్నాయి. ఆ బానిసలందరి కడుపుల్లోనూ కొంకిపురుగే ఉందని చెప్పలేం. ఆకలి ఉంది, ఇతర రోగాలున్నాయి. కానీ రోగలక్షణాన్ని నేరంగా చదివి శిక్ష వేయడమనేది అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక పురుగు బయటపడిన కథ. 1838 మే నెలలో మిలాన్ నగరంలో ఆంజెలో దుబీని అనే యువవైద్యుడు ఒక రైతు స్త్రీ శవాన్ని పరీక్షిస్తూ, చిన్నపేగులో ఈ పురుగును చూశాడు. 1843లో దాన్ని వర్ణించి పేరు పెట్టాడు. అయితే దానికీ రోగానికీ ఉన్న ముడిని గట్టిగా చెప్పలేదు. 1850లలో కైరోలో పనిచేసిన జర్మన్ వైద్యుడు గ్రీసింగర్, ఈజిప్టు పేదలను పీల్చివేస్తున్న పాండురోగానికి ఈ పురుగే మూలమన్నాడు. ఐరోపా అంతగా పట్టించుకోలేదు. వేడి దేశాల రోగం తమకెందుకనుకుంది.

ఆ రోగం ఐరోపా నడిబొడ్డున, మంచుకొండల కిందనే ప్రత్యక్షమయింది. స్విట్జర్లాండ్‌లో ఆల్ప్స్ పర్వతాలను తొలిచి 15 కిలోమీటర్ల సెయింట్ గోతార్డ్ రైలు సొరంగాన్ని 1872లో మొదలుపెట్టారు. పనివారిలో అత్యధికులు ఇటలీ నుంచి వచ్చిన పేదలు. సొరంగం లోపల 30 డిగ్రీలు దాటిన వేడి, కాళ్ళ కింద బురద, మరుగుదొడ్లు లేవు. 1875లో దుర్భర పరిస్థితులకు నిరసనగా కార్మికులు సమ్మెచేస్తే తుపాకులు పేలాయి, నలుగురు చనిపోయారు. 1880లో రెండువైపుల తవ్వకం కలుసుకునే నాటికి వందలాది మంది పాలిపోయి, నిలబడలేక కూలిపోతున్నారు. సొరంగపు గాలి చెడ్డదన్నారు, తిండి చెడ్డదన్నారు. తూరిన్ నగరపు ఆచార్యుడు పెరోన్‌చీతో వారి మలంలో కొంకిపురుగు గుడ్లను చూపించాడు. పైన మంచు, లోపల ఉష్ణమండలం. పురుగుకు కావలసింది దేశం కాదు, వేడిమీ, తేమా, దొడ్డికి చోటులేని మనుషులూ అని తేలిపోయింది.

గుడ్లు కనబడ్డాయి సరే, పురుగు లోపలికి ఎలా పోతోంది? నోటి ద్వారానే అని అందరూ నమ్మారు. ఆ నమ్మకం ఒక్క చుక్కతో చెదిరింది. కైరోలో పనిచేస్తున్న జర్మన్ శాస్త్రవేత్త ఆర్థర్ లూస్, పిల్లపురుగులున్న నీటిని గినీపందుల నోట్లో పోస్తుండగా ఒక చుక్క అతని చేతి మీద పడింది. ఆ చోట ఎర్రబడి దురద పెట్టింది. ఆరిపోతున్న ఆ నీటిని సూక్ష్మదర్శినిలో చూస్తే పురుగులు దాదాపు లేవు. కొన్ని నెలలకు అతని మలంలోనే గుడ్లు కనిపించాయి. చర్మం గుండా పోతాయని 1898లో అతడు ప్రకటిస్తే తోటి శాస్త్రవేత్తలు నమ్మలేదు. లూస్ మరికొన్నేళ్ళు కష్టపడి, పైన చెప్పిన ఆ వింత ప్రయాణాన్ని మజిలీ మజిలీగా నిరూపించాడు. పాదమే వాకిలి అని తేలడంతో పాదరక్ష ఔషధమయింది.

అట్లాంటిక్ అవతల, 1898 యుద్ధంలో స్పెయిన్ నుంచి అమెరికా చేతిలోకి వచ్చిన పోర్టోరికో ద్వీపం మీద 1899 ఆగస్టులో పెనుతుపాను విరుచుకుపడింది. వేలమంది చనిపోయారు, కాఫీ తోటలు నేలమట్టమయ్యాయి. కొండల నుంచి దిగివచ్చిన తోటకూలీలకు పోన్సే పట్టణంలో గుడారాల ఆసుపత్రి నడిపినవాడు బెయిలీ ఆష్‌ఫర్డ్ అనే పాతికేళ్ళ సైనిక వైద్యుడు. వాళ్ళు మైనపు బొమ్మల్లా పాలిపోయి ఉన్నారు. ఆకలి వల్లనేమోనని అతడు మంచి తిండి పెట్టించాడు. గుణం కనిపించలేదు. 1899 నవంబరులో ఒక రోగి మలాన్ని పరీక్షిస్తే కొంకిపురుగు గుడ్లు దర్శనమిచ్చాయి. అంతవరకు ఆ కొండజనానికి ద్వీపంలోని పెద్దలు పెట్టిన పేరు ఏమిటో ఊహించగలరు: ఒళ్ళువంగని జాతి.

ఆష్‌ఫర్డ్ ఇచ్చిన మందు థైమాల్. ఇది మనకు పరాయిదేమీ కాదు. ఆయుర్వేద దుకాణాల్లో వాము పువ్వు అని అమ్మే తెల్లని స్ఫటికాలే థైమాల్. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు జర్మనీ కర్మాగారాలు థైమాల్ తీయడానికి మన దేశపు వామునే పెద్దయెత్తున దిగుమతి చేసుకునేవి. కడుపులో నులిమితే వాము నమిలించే మన అమ్మమ్మల పద్ధతికీ ఈ చికిత్సకూ దూరపు చుట్టరికం ఉందన్నమాట. అయితే చిటికెడు వాముకూ వైద్యుడు ఇచ్చే థైమాల్ మోతాదుకూ పోలిక లేదు. ముందురోజు రాత్రి విరేచనాల మందు, మర్నాడు పరగడుపున థైమాల్, తిరిగి విరేచనాల మందు. ఆ పూట నూనె, సారా తగిలితే మందు ఒంటికి పట్టి విషమయ్యేది. ఇంత ప్రయాసతోనూ పోర్టోరికోలో 1904 నుంచి కొన్నేళ్ళలోనే లక్షలమందికి చికిత్స జరిగింది.

అదే కాలంలో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో చార్లెస్ స్టైల్స్ అనే జంతుశాస్త్రవేత్త తిరుగుతున్నాడు. అక్కడి పేద తెల్లవాళ్ళను తక్కిన అమెరికా మట్టితిండిగాళ్ళని, బద్ధకస్థులని గేలిచేసేది. 1902లో స్టైల్స్ వారి కడుపుల్లో ఉన్నది కొత్త జాతి కొంకిపురుగని తేల్చాడు. దానికి తరువాత స్థిరపడిన పేరే నెకేటర్ అమెరికానస్, అంటే అమెరికా హంతకి. నిజానికి అది ఆఫ్రికాలోనూ ఆసియాలోనూ అనాదిగా ఉన్నదే. అమెరికాకు బానిస ఓడల్లో చేరింది. ఎవరు ముందు చూసి పేరు పెడితే పురుగుకు వారి దేశపౌరసత్వం దక్కుతుంది కాబోలు! పత్రికలు మాత్రం దీనికి “సోమరితనపు క్రిమి” అని నామకరణం చేసి నవ్వుకున్నాయి.

1909లో జాన్ రాక్‌ఫెల్లర్ 10 లక్షల డాలర్లు ఇచ్చి, విక్లిఫ్ రోజ్ అనే విద్యావేత్త నాయకత్వంలో ఒక సంఘాన్ని నియమించాడు. పదకొండు దక్షిణ రాష్ట్రాల్లో పరీక్షలు జరిపితే బడిపిల్లల్లో దాదాపు 40 శాతం మందికి పురుగు ఉన్నట్టు తేలింది. ఊరూరా గుడారాలు వేసి, సూక్ష్మదర్శినిలో గుడ్లను చూపించి, ఉచితంగా మందిచ్చారు. జనం తిరనాళ్ళకు వచ్చినట్టు బండ్లు కట్టుకుని వచ్చారు. తమను అవమానించడానికే ఈ రోగాన్ని కల్పించారని కొందరు దక్షిణాది పెద్దలు మండిపడ్డారు. రాక్‌ఫెల్లర్ బూట్ల వ్యాపారం పెట్టబోతున్నాడని మరికొందరు ప్రచారం చేశారు. 2007లో హోయ్ట్ బ్లీక్లీ అనే ఆర్థికవేత్త పాత లెక్కలను తిరగదోడి, పురుగు ఎక్కువగా ఉండిన ప్రాంతాల్లో ఆ ఉద్యమం తరువాత బడికి పోయే పిల్లలు, చదవనేర్చినవారు ఎక్కువగా పెరిగారని చూపించాడు. బుర్రలేనివాళ్ళని పేరుపడిన పిల్లలకు కావలసింది బెత్తం కాదు, మందు.

సాహిత్యాభిమానులైన చదువరులకు బ్రెజిల్ కథ మరింత నచ్చుతుంది. మొంతేరో లొబాతో అనే రచయిత వారసత్వంగా వచ్చిన పొలాన్ని సాగుచేస్తూ, అడవులకు నిప్పుపెట్టే పేద పల్లెజనం మీద విసిగిపోయి 1914లో పత్రికలో ఘాటైన వ్యాసాలు రాశాడు. గొంతుకూర్చుని బతుకంతా గడిపే సోమరి పల్లెటూరివాడుగా జెకా తాతు అనే పాత్రను సృష్టించాడు. పాత్ర దేశమంతటా ప్రసిద్ధమయింది. ఇంతలో నేవా, పెన్నా అనే వైద్యులు లోతట్టు ప్రాంతాల్లో తిరిగి తెచ్చిన ఆరోగ్య నివేదికలు వెలుగుచూశాయి. అవి చదివిన లొబాతో 1918లో బహిరంగంగా మాట మార్చుకున్నాడు: జెకా స్వభావరీత్యా అలాంటివాడు కాడని, అతణ్ణి అలా చేశారని రాశాడు. తన పాత్రకు క్షమాపణ చెప్పాడు. తరువాత అదే జెకాను పిల్లల కథగా తిరగరాశాడు. అందులో వైద్యుడు మందిస్తాడు, జెకా బూట్లు తొడుక్కుంటాడు, శ్రీమంతుడవుతాడు, చివరికి తన పందులకూ కోళ్ళకూ కూడా బూట్లు తొడుగుతాడు. ఒక మందుల కంపెనీ ఆ చిన్న పుస్తకాన్ని తన టానిక్కు ప్రచారం కోసం దేశమంతా పంచింది.

తాను సృష్టించిన పాత్రకు క్షమాపణ చెప్పిన రచయితలు ఎంతమంది ఉంటారు? మన కథల్లోనూ నాటకాల్లోనూ సినిమాల్లోనూ హాస్యం కోసం వాడుకున్న నిద్రమొహం పాలేర్లు ఎందరో ఉన్నారు. వాళ్ళకు రక్తపరీక్ష చేయించిన రచయిత ఎవరైనా ఉన్నారేమో అని నేను ఆలోచిస్తూ ఉంటాను.

అయితే ఈ చరిత్రను అజ్ఞానం మీద విజ్ఞానం సాధించిన విజయగాథగా మాత్రమే చదివితే సగమే చదివినట్టు. సోమరి అన్న నింద తొలగిన చోటే మరో నింద మొలిచింది. దక్షిణ రాష్ట్రాల పేద తెల్లవాడు రోగిగా గుర్తింపు పొందాడు. నల్లవాడు మాత్రం రోగాన్ని మోసుకువచ్చినవాడయ్యాడు. శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో 1910లో తెరిచిన ఏంజెల్ ఐలండ్ వలస కేంద్రంలో, కొంకిపురుగు ఉందన్న కారణం చూపి చైనీయులను, భారతీయులను దేశంలో అడుగుపెట్టనివ్వలేదు. అదే సంవత్సరాల్లో అదే దేశపు దక్షిణాదిన ప్రతి పదిమంది బడిపిల్లల్లో నలుగురికి అదే పురుగు ఉంది! స్వదేశంలో జాలిపడదగిన రోగి, సరిహద్దు దగ్గర ప్రమాదకరమైన ఆసియావాడు. పురుగు ఒక్కటే.

మనవాళ్ళ ప్రస్తావన ఈ చరిత్రలో ఇలా కూలీలుగానే వస్తుంది. 1860లో మద్రాసు రేవు నుంచి నాటాలుకు, 1903 నుంచి ఫిజీకి, ఇంకా మారిషస్సుకు, బర్మాకు, మలయాకు తరలివెళ్ళిన శ్రమజీవుల్లో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. రాక్‌ఫెల్లర్ సంస్థ అమెరికా వెలుపల తన మొదటి కొంకిపురుగు ఉద్యమాన్ని 1914లో బ్రిటిష్ గయానాలో ప్రారంభించింది. అక్కడి చెరకు తోటల కూలీల్లో అధికులు భారతీయులే. 1916లో సింహళంలో, 1920లలో మన మద్రాసు రాజధానిలో ఆ సంస్థ సర్వేలూ చికిత్సలూ నడిపింది. తోట యజమానుల ఆసక్తికి కారణం కరుణ ఒక్కటే కాదు. పాలిపోయిన కూలీ తక్కువ పని చేస్తాడు. రక్తం పెరిగితే పని పెరుగుతుంది. కూలిరేటు పెరగాలన్న మాట మాత్రం ఆ లెక్కలో రాలేదు.

మందుతోనే పని జరగదని కూడా అప్పుడే తెలిసింది. పురుగును వెళ్ళగొట్టిన మనిషి అదే చెప్పుల్లేని కాళ్ళతో అదే దొడ్లోకి వెళితే కొన్ని నెలల్లో కథ మొదటికి వస్తుంది. కలకత్తా ఉష్ణమండల వైద్య విద్యాలయంలో 1920లలో పరిశోధించిన ఏసా చాండ్లర్, ఎంతమందికి పురుగు ఉందన్నది ముఖ్యం కాదు, ఒక్కొక్కరి కడుపులో ఎన్ని ఉన్నాయన్నది ముఖ్యమని చెప్పాడు. గ్రాము మలంలో సగటు గుడ్ల సంఖ్య 300 దాటిన సమాజంలో అది పెద్ద ప్రజారోగ్య సమస్య అని నిర్ణయించే చాండ్లర్ సూచిని మన వైద్య విద్యార్థులు ఈనాటికీ చదువుతారు. 1930లలో రాక్‌ఫెల్లర్ సంస్థ మన దేశంలో బోరుగొయ్యి మరుగుదొడ్లను ప్రవేశపెట్టిందీ ఈ పురుగు కోసమే.

మరుగుదొడ్డి, చెప్పులు. చెప్పడానికి ఎంత తేలికైన మాటలు! చెప్పులు తొడుక్కోవడం అమెరికాలో డబ్బుకు సంబంధించిన విషయం. మన ఊళ్ళలో అది డబ్బుకు మించినది. పై కులాల వీధిలో చెప్పులు చేతబట్టుకుని నడవాలన్న కట్టుబాటు మన పల్లెల్లో చాలాకాలం నడిచింది. తోలు ఊనినవాడు, చెప్పు కుట్టినవాడు, ఆ చెప్పు వేసుకుని ఊళ్ళోకి రాగూడదు. ఎత్తుదొడ్లను వట్టిచేతులతో శుభ్రం చేసిన మనుషులకు ఆ పని పుట్టుకతో అంటగట్టారు. స్త్రీలు చీకటి ఉండగానే ఊరిబయటి చెట్లచాటుకు పోవాలి. ఏ సూక్ష్మదర్శినీ ఈ కట్టుబాట్లను చూపించలేదు. పురుగు చర్మాన్ని తొలుస్తుంది గానీ, ఎవరి చర్మాన్ని తొలవాలో ముందే నిర్ణయించి పెట్టింది ఊరు.

2015 నుంచి మన దేశంలో నులిపురుగుల నివారణ దినం పేరిట బడుల్లో, అంగన్‌వాడీల్లో 1 నుంచి 19 ఏళ్ళ వారికి అల్బెండజోల్ మాత్రలు ఇస్తున్నారు. నులిపురుగులంటే అసలు వేరే జాతి. ఏలికపాములు, కొంకిపురుగులు అన్నిటికీ కలిపి ఆ పేరు స్థిరపడింది. నమిలి మింగితే సరిపోయే ఒక్క మాత్ర, పూర్వపు థైమాల్ యాతనతో పోలిస్తే వరమే. ఊరందరికీ మాత్రలు పంచితే ఎంత మేలన్న దానిపై మాత్రం పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. కెన్యాలో మిగెల్, క్రెమర్ జరిపిన అధ్యయనం (2004) పిల్లలు బడి మానడం నాలుగో వంతు తగ్గిందన్నది. అనేక అధ్యయనాలను కలిపి సమీక్షించిన కాక్రేన్ సంస్థ, సగటున చూస్తే బరువులోనూ చదువులోనూ కనబడే లాభం స్వల్పమన్నది. నాకు ఈ రెండింటిలోనూ పెద్ద వైరుధ్యం కనిపించదు. కడుపునిండా పురుగులున్న బిడ్డకు మాత్ర ప్రాణదానం. రెండో మూడో ఉన్న బిడ్డకు దానివల్ల కలిగే తేడా తక్కువ. సగటు లెక్కలో ఆ మొదటి బిడ్డ కనుమరుగవుతుంది.

ప్రపంచంలో సుమారు 150 కోట్ల మందికి మట్టి ద్వారా సంక్రమించే ఏదో ఒక పేగుపురుగు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇంతమందిని బాధించే రోగం ఉప్పెనలా వచ్చి చంపదు కాబట్టి ఎక్కడా పతాకశీర్షిక కాదు. మెల్లగా ఒంట్లో సత్తువ తీసి, బతికి ఉన్నవాడి చేతనే “నా ఒంటి తత్త్వమే అంత” అనిపిస్తుంది. ఈ రోగం చేసే అన్యాయాల్లో నాకు అన్నిటికన్నా క్రూరంగా తోచేది ఇదే: లోకం వేసిన నిందను రోగి కూడా నమ్మడం.

గోతార్డ్ కూలీని గాలి బాధించిందన్నారు, పోర్టోరికో కూలీని ఎండ చెడగొట్టిందన్నారు, అమెరికా పేదవాణ్ణి వంశం చెడగొట్టిందన్నారు, బ్రెజిల్ రైతును స్వభావం చెడగొట్టిందన్నారు. ప్రతిచోటా ఒక మనిషి ఆగి, అతని మలాన్ని అద్దం కింద పెట్టి చూసేదాకా ఆ మాటలు చెల్లాయి. మన భాషలో మన్ను తిన్న పాము అనే మాట ఉండనివ్వండి. భాషకు జాతీయాలు అందమే. దాన్ని ఎవరిమీద ప్రయోగించబోతున్నామో వారి కనురెప్పను ఒకసారి కిందికి లాగి, లోపల ఎరుపు ఉందో లేదో చూసిన తరువాతనే అందాం.